బావమరిది వేలు

మనిషి కోలుకున్నాడో లేదో ఆ మనిషికి తెలిసే అవకాశం లేదని శారీరక సామర్థ్య నిర్ధారణ విభాగం ఎన్నడో తేల్చేసింది. ఆయాసమన్నది రోగి సొంత అభిప్రాయం. అభిప్రాయాలు తీసుకునే కిటికీ ఆ విభాగంలో లేదు.

ఊపిరితిత్తులు చెడి, చావు అంచుదాకా వెళ్లొచ్చిన అద్దకంపనివాణ్ణి అతని భార్య ఆ ఆఫీసు వరండాలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వెనకాల ఆమె తమ్ముడు, మంచినీళ్ల సీసాతో. ఆమెకు కావలసింది ఒక్క మాట: బరువు పనికి తగడు. ఆ మాట పడితే కార్ఖానావాళ్లు మొగుణ్ణి బట్టలు మడతపెట్టే గదిలో కూర్చోబెడతారు. పడకపోతే మళ్లీ రంగు తొట్ల దగ్గరికే, ఆ ఘాటులోకే.

పరీక్ష తేలిక. వేలికి క్లిప్పు తగిలించుకుని ఆరు నిమిషాలు నడవాలి. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో క్లిప్పు చెబుతుంది. అద్దకంపనివాడి గోళ్లు ఏళ్ల తరబడి నీలంరంగులో నానినవి. క్లిప్పు నోరు మెదపలేదు. కాలివేళ్లకు పెట్టి చూశారు. తొట్లో దిగి బట్టలు తొక్కిన కాళ్లవి, అవీ నీలమే. (చెవికి పెట్టే క్లిప్పు ఎప్పుడో మంజూరైంది. రావడమే తరువాయి.)

నిర్ధారణాధికారి నిబంధనలు తిరగేశాడు. "రోగి వేలు పలక్కపోతే దగ్గరి బంధువు వేలు వాడొచ్చమ్మా. ఈయనెవరు?"

"మా తమ్ముడండి. కానీ వాడికేం జబ్బు లేదు."

"మంచిదేగా. లెక్క శుభ్రంగా వస్తుంది."

బావ, బావమరిది కలిసి బయల్దేరారు. వరండా సగం దాటకముందే బావ గోడ పట్టుకుని, రొప్పుతూ బెంచీ మీద కూలబడ్డాడు. బావమరిదీ ఆగాడు.

"ఆగకూడదు. మొదలెట్టిన పరీక్ష మధ్యలో ఆపడానికి లేదు," అన్నాడు అధికారి.

"బావ అక్కడే ఉండిపోయాడు సార్."

"క్లిప్పు నీ దగ్గరుందిగా."

"వెళ్లరా," అన్నాడు బావ, ఊపిరి అందినంతలో. "నా నడక కూడా... నువ్వే నడిచెయ్."

మెల్లగా నడవమని అక్క కళ్లతోనే చెప్పింది. తమ్ముడు కాళ్లీడ్చాడు, దగ్గాడు, ఒకచోట కుంటి కూడా చూశాడు. పాతికేళ్ల ఊపిరితిత్తులు, ఒక్క అబద్ధమూ ఆడలేదు.

"ఇంత బాగా కోలుకున్న రోగిని ఈమధ్య చూడలేదు," అన్నాడు అధికారి, క్లిప్పు విప్పుతూ.

"నడిచింది మా వాడండి. మా ఆయన అదుగో, బెంచీ మీద."

అధికారి మొదటిసారి బెంచీ వైపు చూశాడు. "కూర్చున్నాక ఆయాసం తగ్గిందిగా? అదీ రాస్తాను."

కాగితం చేతికొచ్చింది: తొట్టి పనికి తగును, రేపటినుంచే. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"అయితే రేపు తొట్టి దగ్గరికి మా తమ్ముణ్ణే పంపుతానండి. తగునని మీరు తేల్చింది వాణ్ణేగా."

అధికారి నొచ్చుకున్నాడు. "అలా కుదరదమ్మా. ఊపిరంటే ఎవరిదైనా సరిపెడతాం. పని మాత్రం ఎవరిది వాళ్లే చెయ్యాలి."