సున్నా గంటల బ్యాటరీ

కరెంటు కోత అనే మాట ఇకమీదట చరిత్ర పుస్తకాల్లో తప్ప కనిపించదని నిరంతర వెలుగుల ప్రచార మండలి ఛైర్మన్ రంగనాథ్ గారు హైటెక్ సిటీలోని ఒక అద్దాల మేడ పదకొండో అంతస్తు నుంచి లోకానికి ప్రకటించారు. ఆ మాట పూర్తయ్యేలోపే హాల్లో దీపాలు ఆరిపోయాయి. కింద సెల్లార్లో జనరేటర్ గుర్రుమంది. మళ్ళీ దీపాలు వెలిగాయి. మధ్యలో ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లూ మండలి ఉద్యోగుల్లో ఒక్కరూ కదల్లేదు, ఒక్కరూ పైకి చూడలేదు. దీపాలు ఆరినప్పుడు తామే రెప్ప వేశామని అనుకోవాలని మీడియా సలహాదారు ప్రశాంత్ వాళ్ళందరికీ రెండు రోజుల శిక్షణ ఇప్పించి ఉన్నాడు.

ఛైర్మన్ గారు అంతటితో ఆగే మనిషి కారు. ఆగే మనిషే అయితే బాచుపల్లిలో ప్లాట్లు అమ్ముకునే దగ్గరే ఆగిపోయేవారు, ఈ దేశానికి ఇంతటి ఛైర్మన్ దక్కేవాడు కాదు.

"మాటలు ఎవురైనా సెప్తారు. నేను చేసి సూపిస్తా. ఇన్వర్టర్ లేని మొట్టమొదటి ఇల్లు నాదే!" అన్నారు.

అన్నట్టే నిజాంపేటలోని తన విల్లా నుంచి ఇన్వర్టర్నీ, దాని బ్యాటరీనీ కెమెరాల ముందు పెరికించి, మండలి ఆఫీసు ముంగిట గాజు పెట్టెలో పెట్టించారు. పక్కన చిన్న పలక: 'పూర్వీకులు వాడిన పరికరం. తాకరాదు.'

ఆ పలక ముందు అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డవాడు సుబ్రహ్మణ్యం. మండలిలో సలహాదారులు పధ్నాలుగు మంది ఉన్నా ఇంజినీరు మాత్రం ఆయనొక్కడే. గోదావరి జిల్లా మనిషి. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు, రిటైరు కావడానికి ఇంకో ఎనిమిది నెలలు. ఇన్నేళ్ళలో ఏ ఫారంలోనూ ఏ గడిలోనూ తప్పు అంకె రాయలేదన్నది ఆయనకు మిగిలిన ఒకే ఒక్క గర్వం. ఇప్పుడాయన నిలబడింది ఆ పాత బ్యాటరీ మీద జాలితో కాదు. మొన్నటిదాకా ఆ బ్యాటరీ మీద ఒక ఆక్సిజన్ మిషన్ నడిచేది. ఆ మిషన్ మీద ఛైర్మన్ గారి తల్లి ఓబులమ్మ నడిచేది.

ఎనభై ఏళ్ళ ఓబులమ్మకు ఊపిరితిత్తులు సగం చెడిపోయాయి. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపే ఆ మిషన్ పగలూ రాత్రీ ఆడుతూనే ఉండాలి. ఆగితే పది నిమిషాల్లో పెదాలు నల్లబడతాయని డాక్టరు చెప్పి ఉన్నాడు.

మర్నాడు ఛైర్మన్ గారే సుబ్రహ్మణ్యాన్ని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నారు.

"ఏమప్పా, మా యమ్మ మిషన్ సంగతేంది? కరెంటు పోతే ఎట్ల?"

"పోదు కదండి," అన్నాడు సుబ్రహ్మణ్యం.

"అది పేపరోళ్ళకప్పా! ఇంట్లో దినామూ పోతాండాది. నువ్వు లెక్క గట్టి సరిపోయే బ్యాటరీ ఒకటి తెప్పియ్యి. అయితే ఫైల్లో కరెంటు పోతాదనే మాట మాత్రం యాడా కనపడకూడదు."

కన్నతల్లి మీద ప్రేమా, ప్రకటన మీద గౌరవమూ ఒకే మనిషిలో ఇంత సమంగా ఉండటం అరుదు. సుబ్రహ్మణ్యం ఆ సమానత్వానికి నమస్కరించి నిజాంపేట వెళ్ళాడు.

ఓబులమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ముక్కుకు గొట్టం, చేతిలో విసనకర్ర.

"యాడికి పోయిందప్పా నా డబ్బా?" అని అడిగింది.

"మ్యూజియంలో పెట్టారండి."

"నన్నూ ఆడ్నే పెట్టమని సెప్పు మావోనికి. గాజు పెట్టెలో. కరెంటన్నా ఉంటాది."

సుబ్రహ్మణ్యం మిషన్ వెనక చీటీ చూసి రాసుకున్నాడు. మిషన్‌కు మూడు వందల యాభై వాట్లు, ఒక ఫ్యానూ లైటూ కలిపి యాభై. మొత్తం నాలుగు వందలు.

"కరెంటు పోతే ఎంతసేపు పోతుందమ్మా?"

"సెప్పి పోతాదా యేమి? మొన్న గంట. శనివారం మూడు గంటలు. ఆ పొద్దు డబ్బా ఉన్నింది కాబట్టి ఈ పొద్దు నీతో మాట్లాడతాండా."

నాలుగు వందల వాట్లు, మూడు గంటలు: పన్నెండు వందల వాట్ గంటలు, అంటే యూనిట్ మీద కొంచెం. నష్టాలు కూడా కలుపుకుంటే నూట యాభై ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ ఒకటి, బజార్లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఏం నడవాలి, ఎంతసేపు నడవాలి అన్న రెండు సంగతులూ తెలిస్తే బ్యాటరీ సైజు తనంతట తానే తేలుతుంది. మనిషికి చెప్పులు కొన్నంత పని. ఐదు నిమిషాల్లో అయిపోయింది. తరవాత ఫైలు మొదలైంది.

ఫైల్లో ఒక ఫారం ఉంది. దాని మూడో గడిలో 'రోజుకు ఎన్ని గంటలు కరెంటు ఉండదు?' అని ఉంది. సుబ్రహ్మణ్యం 'మూడు' అని రాశాడు. ప్రశాంత్ ఆ ఫైలును వేడి గిన్నెలా రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చాడు.

"సార్, త్రీ అవర్సా? ఛైర్మన్ గారి స్టేట్‌మెంట్ చూడలేదా?"

"చూశానండి. వాళ్ళింట్లో కరెంటు కూడా చూశానండి. లేదు."

"ఇది లీకైతే మన నెరేటివ్ ఏమవుతుంది సార్? తగ్గించండి."

ఒకటి అని రాస్తే తిరిగొచ్చింది. అర అని రాస్తే ఇంకా తొందరగా తిరిగొచ్చింది. నాలుగోసారి సుబ్రహ్మణ్యం కళ్ళు మూసుకుని సున్నా పెట్టాడు. ముప్పై ఒక్కేళ్ళలో ఫైల్లో నిలిచిపోయిన మొదటి తప్పు అంకె. సున్నా మాత్రం గుండ్రంగానే వచ్చింది. మండలి సాఫ్ట్‌వేర్ నాలుగు వందలను సున్నాతో హెచ్చవేసి, పచ్చ రంగులో ఇలా చూపింది: 'మీ ఇంటికి సరిపోయే బ్యాటరీ సైజు: 0. సరైన ఎంపికకు అభినందనలు!'

"సూపర్ సార్! క్లీన్ ఫైల్. వెంటనే తెప్పించేయండి," అన్నాడు ప్రశాంత్.

"సున్నా సైజు బ్యాటరీ ఎక్కడా దొరకదండి."

"అడిగి చూశారా?"

సుబ్రహ్మణ్యం అడిగి చూడలేదు. అది ఆయన తప్పే.

ఇద్దరూ ఛైర్మన్ గారి ముందుకు వెళ్ళారు. అక్కడ ప్రశాంత్‌కు మెరుపులాంటి ఆలోచన వచ్చింది.

"సార్, సైజు అవసరాన్ని బట్టే ఎందుకు పెట్టాలి? హోదాను బట్టి పెడదాం. ప్రకటనకు ముందు కొన్నవే లెండి, ఎమ్మెల్యే గారింట్లో ఎనిమిది యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంది. మంత్రి గారింట్లో పది. ఎమ్మెల్యే కన్నా తక్కువైతే మనకు నామోషీ. మంత్రి గారి కన్నా ఎక్కువైతే ఆయనకు కోపం."

"అయితే తొమ్మిది!" అని ఛైర్మన్ గారు బల్ల చరిచారు. జటిలమైన సాంకేతిక సమస్యను ఒక్క చరుపుతో తేల్చడం నాయకుడికే చెల్లుతుంది.

"అమ్మగారి మిషన్‌కు రెండు యూనిట్లది సరిపోతుందండి," అన్నాడు సుబ్రహ్మణ్యం.

"లెక్క నీదప్పా. మర్యాద నాది."

పోనీలే, పెద్దదైతే మాత్రం ఆమె ఊపిరికి నష్టమేముంది అని సుబ్రహ్మణ్యం సర్దుకున్నాడు. అయితే ఫారంలో చివరి గడి ఇంకా ఉంది: 'బ్యాటరీని దేనికి తగిలిస్తారు?'

ప్రశాంత్ గంభీరంగా తల ఊపాడు. "ఇంటికి తగిలిస్తే ఇంట్లో కరెంటు పోతుందని ఒప్పుకున్నట్టే సార్. కాబట్టి ఇంటి బయట ఏదైనా ఉండాలి. గేటు మీద మన ఎల్ఈడీ బోర్డు ఉంది కదా. అది ఆరితే ప్రభుత్వం పరువు పోతుంది. బ్యాకప్ దానికి. లాజికల్."

ఆ బోర్డు మీద అడుగెత్తు అక్షరాలతో 'ఈ ఇంట్లో కరెంటు పోదు' అని ఉంటుంది.

"మరి మా యమ్మ?" అన్నారు ఛైర్మన్ గారు, కొంచెం మెల్లగా.

"అమ్మగారు ఇంట్లోనే ఉంటారు కదా సార్. ఇంట్లో కరెంటు పోదు."

ఛైర్మన్ గారి పెన్ను కాగితం మీద ఏడు సెకన్లు ఆగింది. ఆ తరవాత సంతకం పడింది.

బ్యాటరీ ఊరేగింపుగా వచ్చింది. పైన బంతిపూల దండ, ముందు డప్పులు, మెయిన్ రోడ్డు మీద అరగంట ట్రాఫిక్ జామ్. ఆరుగురు మోసుకొచ్చి గేటు పక్క గోడకు బిగించారు. కొబ్బరికాయ కొట్టారు. గేటు కాసే ఈశ్వరయ్య అంతా చూసి సుబ్రహ్మణ్యం దగ్గరకు వచ్చాడు.

"ఏంది సార్, గీ బోర్డుకు గింత పెద్ద బ్యాటరీనా? బోర్డేమన్న ఊపిరి పీలుస్తదా?"

"ఫైల్లో అలాగే ఉందయ్యా."

"జర ముసలమ్మకు గూడ ఒక వైరు గుంజరాదు సార్?"

సుబ్రహ్మణ్యం ఫైలు వంక చూసి, బోర్డు వెనక ఖాళీగా ఉన్న సాకెట్ వంక చూసి, మళ్ళీ ఫైలు వంక చూసి ఇంటికి వెళ్ళిపోయాడు.

పది రోజుల తరవాత, మే నెల సాయంత్రం, ఛైర్మన్ గారు తమ ఇన్వర్టర్ రహిత గృహాన్ని పత్రికల వాళ్ళకు చూపడానికి పిలిచారు. పకోడీలు వచ్చాయి. ఇన్వర్టర్ లేని మూలను ఛైర్మన్ గారు స్వయంగా చూపించారు. ఫొటోగ్రాఫర్లు ఆ ఖాళీని నాలుగు వైపుల నుంచీ తీశారు. ఇంతలో జీడిమెట్ల ఫ్యాక్టరీల వైపు నుంచి మందుల కంపుతో ఈదురుగాలి లేచింది. ఆకాశం నల్లబడింది. ఎక్కడో ఢామ్మని పేలింది. నిజాంపేట మొత్తం కరెంటు పోయింది.

మండలి ఉద్యోగులు శిక్షణ ప్రకారం రెప్ప వేశారు. ఈసారి రెప్ప ఎంతకీ తెరుచుకోలేదు. కానీ హాలు పూర్తిగా చీకటి కాలేదు. గేటు మీద బోర్డు ధగధగా వెలుగుతూ కిటికీల్లోంచి అందరి మొహాల మీదా పచ్చగా పడుతోంది.

"సూసినారా, మా ఇంట్లో ఎంత వెలుతురో!" అన్నారు ఛైర్మన్ గారు. పకోడీ ప్లేటు చేతిలోనే ఉంది.

లోపలి గదిలో బీప్, బీప్ అని మిషన్ అరవడం మొదలుపెట్టింది.

"అదేం చప్పుడండి?" అన్నాడు ఒక విలేకరి.

"స్మార్ట్ హోమ్ అండి," అన్నాడు ప్రశాంత్.

ఛైర్మన్ గారు ఆ గది వైపు చూశారు. కెమెరాల వైపు చూశారు. చేతిలో పకోడీ నలిగి పొడైంది. "ఇంకో రెండు ప్రశ్నలు అడగండి," అన్నారు.

సుబ్రహ్మణ్యం గోడ వారగా నిలబడి గడియారం చూస్తున్నాడు. నాలుగో నిమిషం. ఆరో నిమిషం. ఏడో నిమిషంలో ఆయన కాళ్ళు ఆయన్ను అడక్కుండానే లోపలి గదిలోకి నడిచాయి. ఓబులమ్మ నోరు తెరిచి గాలిని పట్టుకోవడానికి తంటాలు పడుతోంది. పెదాలు నేరేడు రంగులోకి తిరిగాయి.

"ఈశ్వరయ్యా!" అని అరిచాడు. మొత్తం సర్వీసులో ఆయన అరిచిన మొదటి అరుపు అదే.

ఇద్దరూ కలిసి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పెరటి తలుపులోంచి వానలోకి మోశారు. ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేత్తో బరబరా దొర్లుకుంటూ వచ్చే మిషన్. బోర్డు వెనక సాకెట్‌లో ప్లగ్గు పెట్టి స్విచ్ నొక్కారు. మిషన్ ఒకసారి దగ్గి, ఆడింది. ఈశ్వరయ్య గొడుగు పట్టాడు. మూడు నిమిషాలకు పెదాలకు రంగు వచ్చింది. ఐదు నిమిషాలకు మాట వచ్చింది.

"ఈ బోర్డు యాపారం ముందే సెప్పింటే మంచం ఈడ్నే ఏసుకుందును కదప్పా," అంది.

అప్పటికి కెమెరాలు గేటు దగ్గరకు వచ్చేశాయి. ప్రశాంత్ వానలో తడుస్తూనే ప్రకటించాడు: "బోర్డు వెలుగును ఆశీర్వదించడానికి అమ్మగారు స్వయంగా విచ్చేశారు!" ఛైర్మన్ గారు పరుగున వచ్చి, ఫొటోకు అనువుగా తల్లి పాదాల మీద పడ్డారు. మోకాలు వైరు మీద ఆనింది.

"ఒరే, కాళ్ళు ఇడిసిపెట్టరా! ప్లగ్గు ఊడతాది!" అంది ఓబులమ్మ.

కరెంటు మూడు గంటల తరవాత వచ్చింది. అంతసేపూ ఆమె 'ఈ ఇంట్లో కరెంటు పోదు' అన్న అక్షరాల కింద గొడుగు పట్టించుకుని కూర్చుంది. మర్నాడు పేపర్లో ఆ బొమ్మే పడింది. కింద ఇలా రాశారు: 'నిరంతర వెలుగుల నడుమ వాన చల్లదనాన్ని ఆస్వాదిస్తున్న మాతృమూర్తి.'

నాలుగో రోజున సుబ్రహ్మణ్యానికి మెమో అందింది. బ్యాటరీ లెక్కలు ఎప్పటికప్పుడు ప్రశాంత్ ఫోన్లోకి వచ్చి పడతాయి. 'కరెంటు పోని రోజున, బోర్డు వాడకం పోగా, బ్యాటరీ అదనంగా పన్నెండు శాతం దిగుటకు కారణమేమి? మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆయన ఆ కాగితాన్ని మూడు రోజులూ బల్ల మీద పెట్టుకుని చూశాడు. సున్నా పెట్టిన వేలు ఇంకా నొప్పిగానే ఉంది. చివరికి తెల్ల కాగితం తీసి, తప్పు లేకుండా ఒక్క వాక్యం రాశాడు.

'ఛైర్మన్ గారి తల్లి ఊపిరి పీల్చినందువలన.'

ఫైలు సాయంత్రానికే తిరిగొచ్చింది. కింద ఆకుపచ్చ సిరాతో, వంకర లేని దస్తూరీలో రెండు మాటలూ, వాటి కింద రంగనాథ్ గారి సంతకమూ ఉన్నాయి.

'సంజాయిషీ సంతృప్తికరం. ఇకముందు పునరావృతం కారాదు.'