మామిడితోటలో వ్యాకరణం

ఆ శనివారం షాలోమి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగే ఆచార్య లక్ష్మీనారాయణ గారిని కారులో ఎక్కించుకుని, పదింటికల్లా నూజివీడులో జరిగే తెలుగు టీచర్ల తరగతికి చేర్చాలి. హైస్కూల్లో తెలుగు చెప్పే షాలోమి పన్నెండేళ్లుగా ఆయన వ్యాకరణ పుస్తకాలు చదువుతోంది. ఒక్కసారైనా ఆయన ఎదుట కూర్చుని పాఠం వినాలని ఆమె కోరిక. ఆయన ఫొటో పుస్తకం వెనక అట్ట మీద ఉంది గానీ అది ముప్పై ఏళ్ల నాటిది.

సరిగ్గా అదే వేళకు ఆమె భర్త పాల్ రాజు కోసం మైలవరం నుంచి బసవపున్నారావు అనే మామిడి వ్యాపారి జంక్షన్‌కు వస్తున్నాడు. పాల్ రాజు కౌలుకు తీసుకున్న తోటలో కాయ కోతకొచ్చింది. గాలివాన రాకముందే అమ్ముకోకపోతే ఏడాది కష్టం నేలపాలవుతుంది. ఆయన్ని తీసుకురమ్మని తోట చూసుకునే ఇన్నయ్యను బండి మీద పంపాడు.

జంక్షన్‌లో టీ కొట్టు ముందు ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. ఇద్దరివీ తెల్ల పంచెలే, ఇద్దరి చేతుల్లోనూ గుడ్డ సంచులే. ఒకాయన బంగారు ఫ్రేము కళ్లద్దాలు పెట్టుకుని గంభీరంగా ఆకాశం చూస్తున్నాడు. ఇంకొకాయన అరటిపండ్ల బండివాడితో ఏదో అడుగుతున్నాడు. పండితుడెవరో షాలోమికి వెంటనే తెలిసిపోయింది. కళ్లద్దాలాయనకు నమస్కరించి, మీ కోసమే వచ్చామని చెప్పి కారెక్కించింది. మిగిలినాయన్ని ఇన్నయ్య బండెక్కించుకున్నాడు.

దారిలో ఆమె ఏళ్లుగా దాచుకున్న ప్రశ్న అడిగేసింది. పల్లెల్లో జనం మాట్లాడే మాట సూత్రానికి ఒదగకపోతే తప్పు మాటదా, సూత్రానిదా?

బసవపున్నారావుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ముందు కాయ చూడాలమ్మా. చూడకుండా ఏం చెప్తాను?" అన్నాడు.

షాలోమికి ఒళ్లు పులకరించింది. కారు పక్కకు ఆపి ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుంది.

హాల్లో కిరణ్ అనే కుర్ర లెక్చరర్, పరిచయం అక్కర్లేని మహానుభావుడంటూ పేరైనా చెప్పకుండా శాలువా కప్పి మైకు ఇచ్చాడు. వాళ్లంతా మామిడి రైతులే అనుకున్న వ్యాపారికి, బేరానికి ముందు నలభై మంది ఇంత మర్యాద చేయడం నచ్చింది. తనకు తెలిసినదంతా చెప్పాడు. ముదరని కాయ కోయకూడదన్నాడు. తొడిమ విరిచేస్తే సొన కారి కాయంతా మచ్చ పడుతుందన్నాడు. తొడిమ అంటే ధాతువు అయి ఉంటుందని షాలోమి పక్కనున్న టీచరు గుసగుసగా చెప్పింది. అందరూ రాసుకున్నారు.

"ఇక్కడ మాటలెందుకండీ, తోటకి పదండి," అని ఆయన ముగించాడు. మధ్యాహ్నం తరగతి తోటలోనే ఉంటుందని కిరణ్ అప్పటికప్పుడు ప్రకటించి స్కూలు బస్సు పిలిపించాడు. దగ్గర్లో ఉన్న తోట ఎవరిదని అడిగితే షాలోమి గర్వంగా చెయ్యెత్తింది.

బస్సెక్కాక ఫోను చూస్తే పాల్ రాజు కాల్స్ పదకొండు ఉన్నాయి. ఆమె ఫోన్ చేసింది.

"ఈయనకి కాయ సంగతే తెలీదు షాలోమీ. కాయలు కోసే వల చిక్కాన్ని పట్టుకుని, దీన్నేమంటారు, మీ అమ్మమ్మ కూడా ఇదే మాట అనేదా అని ఇన్నయ్యని గంట నుంచి అడుగుతున్నాడు. ప్రతి మాటా రాసుకుంటున్నాడు. బేరం ఊసే ఎత్తడు."

షాలోమి ముందు సీటు వైపు చూసింది. శాలువా కప్పుకున్న పెద్దమనిషి కిటికీలోంచి దారి పక్క చెట్లకు ఎంత కాపు ఉందో లెక్కేస్తున్నాడు. తాను తెచ్చింది వ్యాపారినని ఆమెకు అర్థమైంది. బస్సు ఆపమందామనుకుంది గానీ ఏమని చెప్పి ఆపించాలో తోచలేదు.

తోటలో లక్ష్మీనారాయణ గారు గోనెసంచి మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఇన్నయ్య, పిందె ఎప్పుడు కాయ అవుతుందో, రాలినదాన్ని ఏ పేరుతో పిలుస్తారో చెబుతున్నాడు. బస్సులోంచి నలభై మంది దిగడం చూసి ఆచార్యులు లేచి నిలబడ్డారు. షాలోమి ఆయన దగ్గరికి పరుగెత్తి, జరిగిన పొరపాటు చెప్పబోయింది.

ఆయన వినలేదు. కిరణ్ చెయ్యి పట్టుకుని, "నలభై ఏళ్లుగా అడుగుతున్నానండీ, పాఠం హాల్లో వద్దు, మాట పుట్టే చోట పెట్టండని. మీరొక్కరే విన్నారు," అన్నారు.

కిరణ్ ఈయనెవరో తెలియకపోయినా నమస్కారం పెట్టాడు. ఆచార్యులు అందరినీ నేల మీద కూర్చోమని, ఇన్నయ్యను మాట్లాడమన్నారు. షాలోమి ముందు వరుసలో కూర్చుంది. రెండు గంటల పాటు ఇన్నయ్య చెప్పాడు, మధ్యమధ్య ఆచార్యులు వివరించారు. తన ప్రశ్న మళ్లీ అడగాల్సిన అవసరం ఆమెకు కలగలేదు. ఆలోపు బసవపున్నారావు చెట్టు చెట్టూ తిరిగి చూసి, శాలువా తియ్యకుండానే తోటంతా బేరం చేసుకున్నాడు.

సాయంత్రం కిరణ్ టీచర్ల అభిప్రాయ పత్రాలు చదివాడు. ఉదయం మాట్లాడిన ఆచార్యుల ప్రసంగం అద్భుతమని ముప్పై తొమ్మిది మంది రాశారు. వ్యాకరణం కూడా కొంచెం ఉంటే బాగుండేదని ఒకరు రాశారు.