నాలుగేళ్ల ముద్దాయి

వెర్నా, నిప్పుల మీద కాల్చే డాంపర్ రొట్టెలకు పిండి పిసుకుతోంది. మనవరాలు మార్లీ పక్కన నిలబడి ఉప్పు వేస్తోంది. పదకొండింటికి మార్లీ తరగతిలో వెర్నా మాట్లాడాలి. ఈ నేల ఖాళీగా ఉందంటూ తెల్లవాళ్లు వచ్చాక ముర్రే నది ఒడ్డున వెర్నాలాంటి ఆదివాసులకు ఏం జరిగిందో పిల్లలకు చెప్పి తీరాలని ప్రభుత్వ ఉత్తర్వు. రెండు వందల ఏళ్లకు బడి ఉదారంగా పన్నెండు నిమిషాలు కేటాయించింది. అందులో రెండు నిమిషాలు రొట్టెలు పంచడానికి.

వెర్నాకు అరవై ఏళ్లుగా ఒకటే కోరిక. తనను పోలీసు కారెక్కించిన రోజు అమ్మ తనను వదిలేసి పోలేదని, టమాటాల కోతకు వెళ్లిందని, పదిమంది వినేలా చెప్పాలి.

తొమ్మిదింటికి హెడ్మాస్టరు ప్రిచర్డ్ వచ్చాడు. చాలా మంచివాడు. గడపలో ఆగి, ఈమధ్య సభలన్నిట్లో చెప్పే ఆనవాయితీ ప్రకారం ఈ నేల అసలు యజమానులకూ వారి పూర్వీకులకూ వందనం సమర్పించాడు. యజమానురాలు చేతినిండా పిండితో వింది. వందనం కాగానే, ఆమె రమ్మనక ముందే వచ్చి కూర్చున్నాడు.

"ఆంటీ వెర్నా, చిన్న చిక్కొచ్చింది. పిల్లల ముందుకొచ్చేవాళ్ల మీద పోలీసు కేసులుండకూడదు. మీమీద ఒకటుంది."

"నామీదా? ఎప్పటిది?"

ఆయన కాగితం తీసి, మర్యాదగా గొంతు తగ్గించి చదివాడు. ముద్దాయి వయసు నాలుగేళ్లు. నేరం, ఆలనాపాలనా లేకుండా ఉండటం. నేరం రుజువైంది. ముద్దాయిని పిల్లల ఆశ్రమానికి పంపడమైనది. ఆదివాసుల పిల్లల్ని పట్టుకుపోవడానికి ఆ రోజుల్లో చట్టం చూపిన దారి అదే.

"నువ్వింత పాత రౌడీవని చెప్పనేలేదే, నానమ్మా," అంది మార్లీ.

"అప్పటికి నాకు చెప్పులేసుకోవడం కూడా రాదే," అంది వెర్నా. ప్రిచర్డ్ వైపు తిరిగింది. "నేను చెప్పబోయేది అదే కదా, సార్."

"అదేనండీ నా బాధా."

ఆయన ఉత్త చేతులతో రాలేదు, ప్రత్యామ్నాయం తెచ్చాడు. బడికి ఏ భూస్వామి పేరుందో ఆయన మునిమనవడే మాట్లాడటానికి ఒప్పుకున్నాడట. ఆ వంశంలో నూట ఎనభై ఏళ్లుగా ఒక్కరి మీదా ఒక్క కేసు లేదు. పైగా నది మలుపు దగ్గర ఎందరు ఆదివాసులు చచ్చిపోయారో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆంటీ చేయవలసిందల్లా తన కథ ఆయనకు రాసివ్వడం, రొట్టెలు పంపడం. ఏడుపొచ్చే చోట గీత గీసిస్తే ఆయన అక్కడ కాసేపు ఆగుతాడు.

వెర్నా చేతులు కడుక్కుంది. కోటు తొడుక్కుంది. మార్లీ చెయ్యి పట్టుకుని గడప దాటి బడి దారి పట్టింది.

ప్రిచర్డ్ నాలుగు వైపులా చూశాడు. ఇల్లు ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, ఆమె కుర్చీలోకి మారాడు.