పాస్‌పోర్టు ముందే బయల్దేరింది

ఆ రాత్రి విమానం ఎక్కాల్సిన ప్రొఫెసర్ రాఘవేంద్ర పాస్‌పోర్టు బీరువాలో లేదు.

పై అరలో లేదు. కింది అరలో లేదు. పట్టుచీరల మడతల్లో ఉండే అవకాశమే లేదు, అయినా అక్కడా వెతికాడు. అక్కడా లేదు. పొద్దున తీరిగ్గా కాఫీ తాగి, బోర్డింగ్ పాసు తీసుకుని, మధ్యాహ్నం ఓ కునుకు తీయాలన్నది ఆయన పథకం. కాఫీ వరకు పథకం ప్రకారమే నడిచింది.

"కమలా! నా పాస్‌పోర్టు యాడుంది?"

వంటింట్లోంచి కమలాదేవి తాపీగా జవాబిచ్చింది. "అది పొద్దున్నే బయల్దేరింది కదా!"

"బయల్దేరిందా? యాడికి?"

"మీరు పోయే ఊరికే."

రాఘవేంద్ర మంచం మీద కూర్చుండిపోయాడు. కమలాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం విడమరిచింది. విమానం మంగళవారం తెల్లవారుజామున. మంగళవారం నాడు ప్రయాణం మొదలుపెట్టడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ సమ్మతం కాదు. కర్నూలు వదిలి తార్నాక ఫ్లాటులోకి వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఇంకా సమ్మతం కాలేదు. అందుకని సోమవారం పొద్దున మంచి ఘడియ చూసి ప్రస్థానం పెట్టింది. అంటే, ప్రయాణపు సంచి ఒకటి ఆ ఘడియలో గడప దాటించి తెలిసినవాళ్ల ఇంట్లో ఉంచింది. సంచి కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. వెళ్లేటప్పుడు దాన్ని తీసుకుని అటు నుంచి అటే పోవాలి. ఒక్కటే నియమం: బయల్దేరిన సంచి తిరిగి ఇల్లు చేరకూడదు.

"అయితే అందులో ఓ తువ్వాలు పెట్టొచ్చు కదే!"

"ప్రయాణానికి ముఖ్యమైన వస్తువు పెట్టాలని మా అమ్మ చెప్పేది. శానా సేపు ఆలోచించినా. తువ్వాలు లేకున్నా విమానం ఎక్కనిస్తారు."

రాఘవేంద్ర ఈ వాదంలో లోపం కోసం వెతికాడు. పాస్‌పోర్టులాగే అదీ దొరకలేదు.

ఆయన కంగారుకు కారణం లిస్బన్‌లో జరిగే సదస్సు కాదు. సదస్సు ఒక వంక. దారిలో బ్రస్సెల్స్‌లో తర్వాతి విమానం కోసం పదకొండు గంటల లేఓవర్ ఉంది. విమానాశ్రయంలో రైలెక్కితే ఈప్ర్ అనే చిన్న ఊరికి పోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి వెళ్లిన సిపాయిలు పలచటి నూలు బట్టలతో, ఎముకలు కొరికే చలిలో, కందకాల్లో నిలబడింది ఆ ఊరి చుట్టుపక్కలే. ముప్ఫై ఏళ్లుగా క్లాసులో ఆ కందకాలను నల్లబల్ల మీద గీస్తున్నాడు రాఘవేంద్ర. ఒక్క కందకం అంచునా నిలబడలేదు. వచ్చే ఏడాది రిటైర్మెంటు. మళ్లీ ఎవరూ పిలవరు, మధ్యలో బ్రస్సెల్స్ తగలదు.

ఈ సంగతి ఒకే ఒక్కరికి తెలియకూడదు. ఆ ఒక్కరు రంగనాథ్. జాగ్రఫీ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైనవాడు, ప్రాణ స్నేహితుడు. క్యాంపస్ క్యాంటీన్‌లో మ్యాపులు పరిచి ఆ ప్రయాణానికి పాతికేళ్లు పథకాలు వేసింది ఇద్దరూ కలిసే. "తారీఖులు నీవి, దారులు నావి" అనేవాడు రంగనాథ్. మూడు నెలల కిందట అతనికి బైపాస్ జరిగింది. డాక్టరు విమానం వద్దన్నాడు. ఇప్పుడు 'నేనొక్కణ్ణే పోతున్నా' అని ఏ మొహంతో చెప్పాలి? రాఘవేంద్ర చెప్పలేదు. మూడు వారాలుగా అతని ఫోను కూడా ఎత్తలేదు.

"సంచి ఎవరింట్లో పెట్టినావు?"

"కింద పోచమ్మ ఇంట్లో."

ఇద్దరూ కిందికి దిగేసరికి పోచమ్మ తాళం వేసి ఆటో ఎక్కబోతోంది.

"సంచా? నా కాడ లేదు సారూ! మీరు పెట్టి పోయినంక మా పెద్దబాపు సచ్చిపోయిండని ఊరికెల్లి ఫోనొచ్చింది. మైలవడ్డ ఇంట్ల మంచి పయనం సంచి ఉంచుతరా? పైన సుష్మకు అప్పజెప్పిన. చేత్తోని ముట్టలే, చక్రాల సంచే గదా, చీపురుకట్టతోని లిఫ్టు దాంక నూకిన."

"మా ఇంటికే నూకొచ్చు కదా పోచమ్మా!"

"ఏంది సారూ, గంత సదువుకున్నరు! పయనం సంచి ఎనకకు తిరుగుతదా?"

కమలాదేవి పోచమ్మ రెండు చేతులూ పట్టుకోబోయి, మైల గుర్తొచ్చి దూరం నుంచే దండం పెట్టింది. "దుఃఖంలో కూడా మా ప్రయాణం తలుచుకున్నావు తల్లీ!"

సుష్మ పైఅంతస్తులో అద్దెకుండే పిల్ల. హబ్సిగూడలో ఒక పరిశోధనా సంస్థలో రీసెర్చి చేస్తోంది. ఫోనెత్తలేదు. ఆటోలో హబ్సిగూడ పోయి, గేటు దగ్గర పడిగాపులు పడితే తెల్లకోటుతో పరుగెత్తుకొచ్చింది.

"బ్యాగ్ నా దగ్గర లేదంకుల్! నాకేమో ల్యాబ్‌కి లేటవుతోంది. రూమ్‌లో మా ఫ్రెండ్ కుక్కపిల్ల ఉంది, కనిపించిన బ్యాగునల్లా కొరికేస్తుంది. ఆంటీ సెంటిమెంట్ పాడైపోతుందని మన అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నిలబడి ఆలోచిస్తుంటే ఒక పెద్దాయన వచ్చారు. 'ఇది రాఘవేంద్ర బ్యాగు కదమ్మా, నేను చూసుకుంటాలే' అన్నారు. ఇచ్చేశా."

"ఎవరాయన?"

"తెలీదంకుల్. టోపీ పెట్టుకున్నారు. చాలా డీసెంట్."

"పేరు ఎట్లా తెలిసింది ఆయనకు?"

"బ్యాగుకి ట్యాగ్ ఉంది కదా. మీ పేరు, ఫోన్ నంబర్, అన్నీ..."

రాఘవేంద్ర వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. టోపీ. మర్యాద. ట్యాగు చూసి పేరు చదవడం. పాస్‌పోర్టుల ముఠాలు ఇలాగే ఉంటాయని ఎక్కడో చదివాడు. ఈపాటికి తన ఫొటో పీకేసి ఎవరిదో మీసాలవాడిది అంటించి ఉంటారు. ఆ మీసాలవాడు బ్రస్సెల్స్‌లో దిగుతాడు. వాడికి కందకాల మీద ఆసక్తి కూడా ఉండదు!

మధ్యాహ్నానికి పోలీసు స్టేషన్లో ఉన్నారు. కానిస్టేబుల్ పరుశురాం శ్రద్ధగా విన్నాడు.

"బ్యాగు ఎవలు ఎత్తుకపోయిన్రు సార్?"

"మేమే ఇచ్చినాం."

"దొంగకా?"

"కాదు, పోచమ్మకు. ప్రయాణం కోసం."

"ఎవల ప్రయాణం? పోచమ్మదా?"

"నాది!"

"మరి మీరు గీడనే ఉన్నరు గదా?"

"నేను ఉన్నా. నా ప్రయాణం మొదలైంది."

పరుశురాం పెన్ను మూత పెట్టేశాడు. కమలాదేవి ముందుకొచ్చి ప్రస్థానం గురించి మొదటి నుంచి చెప్పింది. అతని ముఖం విప్పారింది. "గట్ల చెప్పున్రి మేడమ్! మా అమ్మ గూడ గంతే. నా డ్యూటీ జాయినింగుకు నా బూట్లు మా మేనత్త ఇంట్ల పెట్టింది. ఆమె ఊరికి పోయింది. నేను చెప్పులతోని జాయినయిన."

అప్పుడే రాఘవేంద్ర ఫోన్ మోగింది.

"సార్, నేను క్యాంపస్ సెక్యూరిటీ బాలరాజును. బ్యాగు మీద మీ నంబరుంటే చేస్తున్న. గీడ ఒక పెద్దమనిషి దొరికిండు సార్. పొద్దుగాల సంది బ్యాగు గుంజుకుంట తిరుగుతుండు. ఆర్ట్స్ కాలేజీ మెట్ల కాడ టైము చూసుకుంటడు, ఏదో రాసుకుంటడు. ఏంది సార్ అంటే, అవతల జర్మన్లున్నరు, తల వంచుమంటుండు."

"ఇప్పుడు యాడున్నాడు?"

"పైపుల కోసం తవ్విన గుంతల సార్. దిగిండు. ఎక్కరాక గాణ్నే కూసున్నడు."

జర్మన్లు అన్న మాట వినగానే రాఘవేంద్రకు అర్థమైంది. ముఠాలు లేవు, మీసాలవాడు లేడు. భూమ్మీద అలా మాట్లాడే మనిషి తను కాక ఇంకొక్కడే ఉన్నాడు. పాస్‌పోర్టు దొరికిందన్న సంతోషం మాత్రం రాలేదు.

"కమలా, వాడికి తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

"సంచి పైజేబులో నేను ఈప్ర్ దారి రాసుకున్న కాగితం ఉంది."

ఇద్దరూ ఆటో ఎక్కారు. తార్నాక నుంచి క్యాంపస్‌లోకి మలుపు తిరిగాక కమలాదేవి మెల్లగా అంది. "మీరు ముందే చెప్పి ఉంటే సరిపోయేది. ఆయనకు గుండె కోసినారు గానీ, మనసు తీసేయలేదు కదా."

లైబ్రరీ దాటాక, రోడ్డు పక్కన ఛాతీ లోతు గొయ్యి. ఒడ్డున నీలం రంగు సంచి. పక్కన లాఠీ పట్టుకుని బాలరాజు. గోతిలో, ఎర్రమట్టి గోడకు వీపు ఆనించి, టోపీ పెట్టుకుని రంగనాథ్. చొక్కా నిండా దుమ్ము. మొహం మాత్రం పెళ్లివారి భోజనం చేసినవాడిలా ఉంది.

"ఈయన మీకు తెలుసా సార్?" అడిగాడు బాలరాజు.

"పాతికేళ్లుగా."

రాఘవేంద్ర చెప్పులు విడిచాడు. గోతి అంచున కూర్చుని, మోకాలు పట్టుకుని, ఒక్కొక్క కాలే కిందికి వేలాడదీసి, చివరికి జారి పడ్డట్టుగా లోపలికి దిగాడు. బాలరాజు నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కరే ఉండిరి. ఇప్పుడు ఇద్దరిని గుంజాలె!"

స్నేహితులిద్దరూ భుజం భుజం ఆనించి మట్టిలో కూర్చున్నారు. పైన కమలాదేవి సంచి జిప్పు తీసి పాస్‌పోర్టు కళ్లకద్దుకుంది. తర్వాత సంచిలో ఇంకేదో వెతకసాగింది.

"రంగా," అన్నాడు రాఘవేంద్ర, "నీకు చెప్పకూడదని కాదు..."

"నువ్వు ఉండు. ముందు నేను చెప్పాల. సంచి తీసుకున్నది నేనే రాఘవా. ఆ పిల్లను ఏమీ అనొద్దండి. నువ్వు ఫోన్ ఎత్తకపోతే, నా మీద ఏం కోపమొచ్చిందో కనుక్కుందామని మీ ఇంటికి వచ్చినా. గేటు కాడ నీ సంచి కనపడింది. పైకి తెచ్చి ఇద్దామనే పట్టుకున్నా, దేవుడి తోడు. పైజేబులో కాగితం తొంగి చూస్తాంది. నీ చేతిరాత. ఈప్ర్ అని. కోపమొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాల? చాయ్ కొట్టు కాడ కూలబడినా. చాయ్ చల్లారే లోపల కోపమూ చల్లారింది. ఎందుకంటే, నువ్వు గీసిన దారి చూసినా. తారీఖులు తప్ప నీకేమీ రావప్పా! రైలు మారేదానికి ఆరు నిమిషాలు పెట్టుకున్నావు. ఆ మోకాళ్లతోనా? నువ్వు ప్లాట్‌ఫారం మీద మెట్లు ఎక్కేలోపల బండి పోతుంది, దాంతోపాటు నీ యుద్ధభూమీ పోతుంది. సరే, నిజంగా నడిచి చూద్దామనుకున్నా. తార్నాక మెట్రో స్టేషనే బ్రస్సెల్స్. హబ్సిగూడ దాకా పోయి దిగి, ఎదురు బండి పట్టుకుని వచ్చినా. ఆర్ట్స్ కాలేజీ ఈప్ర్ కోటగుమ్మం. ఈ గొయ్యి... చూస్తానే ఉన్నావు కదా, దేవుడిచ్చిన గొయ్యి. సంచి లేకుండా నడిస్తే లెక్క తప్పుతుందని సంచి ఈడ్చుకుంటా తిరిగినా. లోపల పాస్‌పోర్టు ఉందని నాకు తెలీదు, తెలిస్తే ముట్టను కూడా ముట్టను. డాక్టరు నన్ను విమానం వద్దన్నాడు గానీ కందకం వద్దనలేదు. ఈ మట్టిలో కూర్చుంటే, నేనూ పోయినట్టే ఉంది రాఘవా. నిజంగానే ఉంది. నీ కాగితం వెనకాల నా దారి రాసిపెట్టినా. ఆరు నిమిషాల బండి వదిలేసి దాని వెనక బండి ఎక్కు. టైము సరిపోతుంది, నేను పోయి వచ్చినాను కాబట్టి చెప్తున్నా. ఆడ కూర్చున్నప్పుడు కాసేపు నా పేరు చెప్పి కూడా కూర్చో. అంతే. వదినమ్మా, మీరు వెతుకుతున్నది నాకు కనపడతానే ఉంది. యుద్ధభూమి చేరినాక ఆకలేసింది. పక్క జిప్పు లాగి డబ్బా మూత తీసింది నేనే. మా ఆవిడకు చెప్పొద్దండి. సున్నుండల ప్రయాణం మాత్రం ఇక్కడితో అయిపోయింది."