నోటికంటే నమూనా మేలు

పళ్లు ఎలా ఉన్నాయో నోటినే అడిగి తెలుసుకునే అనాగరిక యుగం ఖరగ్‌పూర్‌లో ముగిసింది. పూరీ గేట్ దగ్గరి పళ్ల క్లినిక్‌కు డిజిటల్ నమూనా తీసే యంత్రం వచ్చింది. దాని వెంట కొలతల అధికారి ఫణీంద్రగారూ వచ్చారు.

తాల్‌బగీచా పేటలో ఉండే పూజ అనే అమ్మాయికి కోరపన్ను ఎత్తు. చిన్నప్పటినుంచీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది. ఆ చెయ్యి తీసేసి నవ్వాలని కోరిక. పాపం, గొంతెమ్మ కోరికేం కాదు.

నోట్లో కెమెరా తిప్పారు. తెర మీదికి పళ్లొచ్చాయి. (కెమెరాకు అందని వెనక మూలలో యంత్రమే ఒక సగటు పన్ను పెట్టేసుకుంటుంది. ఎవరి సగటని అడగకూడదు.) తెర మీది పళ్లకు అచ్చు తీసి, ఆ అచ్చు మీద పళ్లను వరసకు తెచ్చే ప్లాస్టిక్ తొడుగు చేశారు. తొడుగు పూజకు పట్టలేదు. నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఫణీంద్రగారు విచారణ జరిపారు. తెరను కొలిచారు, అచ్చును కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు.

“మరి నా నోట్లో కొలవరేటండి?” అంది పూజ.

“నోరు కదుల్తాదమ్మా, తడుంటాది. నమ్మకమైన కొలత రాదు,” అన్నారాయన ఓపిగ్గా. నిబంధన కూడా వినిపించారు: నమూనాకూ నోటికీ తేడా వచ్చినచో తప్పు నోటిది.

పూజ తండ్రి వైపు చూసింది. తవిటయ్యగారు రైల్వే వర్క్‌షాపులో తనిఖీ పని చేసి రిటైరైన మనిషి. కొలత చూసే గేజీలో ఇమడని ఇనప ముక్కకు ఎర్రరంగు పూసి తిప్పి పంపడంలోనే ఆయన జుట్టు నెరిసింది.

“ముక్క కూకోకపోతే గేజీని తిడతామేటే? ముక్కనే ఎనక్కి పంపుతాం,” అన్నారు.

“అయితే నన్నెక్కడికి పంపుతావు నాన్నా?”

ఆయన సర్వీసులో ఏ ముక్కా ఇలా ఎదురు ప్రశ్న వెయ్యలేదు. కూతురి చెమ్మగిల్లిన కళ్లు చూసి కరిగిపోయారు. “ఇంకోపాలి కెమెరా తిప్పండి బాబూ,” అన్నారు మెల్లగా.

“తొడుగు అచ్చుకు పట్టకపోతేనే మళ్లీ తిప్పాలండి. సూడండి.” ఫణీంద్రగారు తొడుగును అచ్చుకు తొడిగారు. చక్కగా కూర్చుంది. అచ్చు ఏమాత్రం బాధపడలేదు.

క్లినిక్ చరిత్రలో ఇంత కచ్చితమైన కేసు లేదని ఆ అచ్చును అద్దాల బీరువాలో పెట్టారు. కోరపన్నుతో సహా నోరారా నవ్వుతోంది. దాన్ని చూసి పూజకూ నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి కొలతల్లోకి రాదు.