అహింసకు ఆరు సెంట్లు

"తాలూకా ప్రజలకు శుభవార్త! వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు తిరువూరులో అహింసా, సాంఘిక న్యాయ మహాసభ! మంత్రివర్యులు విచ్చేస్తున్నారు. అహింస మీద నమ్మకం ఉన్నవారూ లేనివారూ కూడా తరలిరండి. రానివారి సంగతి తర్వాత చూడబడుతుంది!"

చివరి వాక్యం కాగితంలో లేదు. జీపు ముందు సీట్లో కూర్చున్న కోదండరామయ్యగారు అప్పటికప్పుడు అందించారు. మైకు పట్టుకున్న యేసుదాసు చదివేశాడు.

యేసుదాసు వినగడప బళ్ళో టీచరు. మంచి గొంతు. డెబ్బై నాలుగులో ఆ మహాసభ తిరువూరుకి మంజూరు కాగానే, సభ కన్వీనరూ రైసుమిల్లు యజమానీ అయిన కోదండరామయ్యగారు అతన్ని పిలిపించి ప్రచార కార్యదర్శిని చేశారు. నిన్నటిదాకా "ఏరా దాసూ" అన్న మనిషి ఆ పూట నుంచి "మాస్టారూ" అనడం మొదలెట్టారు. సాంఘిక న్యాయం సభ కన్నా పది రోజులు ముందే వినగడప చేరిందన్నమాట.

యేసుదాసు ఒప్పుకోవడానికి అదొక్కటే కారణం కాదు. అతని మేనమామ శౌరయ్యకి కుడిచెయ్యి విరిగి నెల అయింది. వాళ్ళ పేటలో ఎవరు పోయినా ఊరి భూస్వామి ఆదిశేషయ్యగారి మామిడితోట పక్కనున్న దోవలోంచే సమాధుల దొడ్డికి మోసుకుపోతారు. తాతలనాటి దోవ. ఆ ఏడు ఆదిశేషయ్యగారు దానికి అడ్డంగా ముళ్ళకంచె వేయించారు. చుట్టు తిరిగి పోవాలంటే వాగు దాటి మూడు మైళ్ళు. చిట్టెమ్మ అనే ముసలమ్మ పోయిన రోజున శౌరయ్య ఆ కంచె పీకేసి శవపెట్టెను దాటించాడు. మర్నాడు ఆదిశేషయ్యగారి మనుషులొచ్చి శౌరయ్య చెయ్యి విరగ్గొట్టి, కంచె మళ్ళీ కట్టి, పద్ధతిగా వెళ్ళిపోయారు.

మంత్రిగారి చేతిలో అర్జీ పెడితే దోవ వస్తుందని యేసుదాసు ఆశ.

సభకి నాలుగు రోజుల ముందు మిల్లు వరండాలో ఆహ్వాన సంఘం కూర్చుంది. సంఘానికి అధ్యక్షులు ఆదిశేషయ్యగారే. వేదిక మీద అణగారిన మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది.

"మన మాస్టారున్నారుగా," అన్నాడొక సభ్యుడు.

కోదండరామయ్యగారు యేసుదాసుని ఎగాదిగా చూశారు. టెరిలీన్ చొక్కా, చేతికి వాచీ. "ఈయన అణిగినట్టు లేడండీ. ఫొటోలో తేడా వచ్చేస్తుంది."

యేసుదాసు గొంతు సవరించుకున్నాడు. "మా మేనమామ శౌరయ్య ఉన్నాడండి," అన్నాడు. అన్నాక ఆదిశేషయ్యగారి మొహం వంక చూడలేక, గోడవారనున్న బస్తాల వంక చూశాడు.

ఆదిశేషయ్యగారు తాపీగా వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

"పిలవండి, తప్పేముంది? దెబ్బలు తిని కూడా తిరిగి చెయ్యెత్తని మనిషి. అహింసకి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

కోదండరామయ్యగారికి కళ్ళు చెమర్చాయి. "మీ మనసు ఎవరికొస్తుందండీ!" అన్నారు. అంతలోనే సందేహమొచ్చింది. "చేతికి సిమెంటు కట్టుందటగా? అహింసా సభలో కట్టు కనబడితే ఏం బాగుంటుంది?"

"శాలువా కప్పితే సరి. చెయ్యి మావాళ్ళు విరిచారు గనక శాలువా నేనే కప్పుతాను. న్యాయం న్యాయమే."

ఈ మాటని మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు, మొదటి సగం వదిలేసి.

సాయంత్రం యేసుదాసు మామకి సంగతంతా చెప్పాడు.

"ఆయన కప్పితే నేను కప్పించుకోవాలా?" అన్నాడు శౌరయ్య.

"ఒక్క నిమిషం మావా. మంత్రిగారి ముందు ఒక్క ముక్క మాట్లాడావంటే మనకి దోవ వస్తది."

శౌరయ్య కాసేపు కట్టు వంక చూసుకున్నాడు. "సరేలే అల్లుడా. చెయ్యి ఎటూ విరిగింది. సిగ్గు కూడా విరుగుద్ది, అంతేగా."

తొమ్మిది గంటల సభకి మంత్రిగారు ఒంటిగంటన్నరకి వచ్చారు. ఈలోగా కార్యకర్తలు ఊరికే కూర్చోలేదు. అహింసా సభలో మాంసం వండొచ్చా అన్న విషయం మీద లోతుగా చర్చించారు. మంత్రిగారికి ఉత్త పప్పన్నం పెట్టడం తాలూకా పరువు మీద హింస అవుతుందని తేల్చారు. అయినా సిద్ధాంతానికి భంగం రాకుండా మేకల్ని సభకి అరమైలు అవతల కోయించారు.

ఆదిశేషయ్యగారు శాలువా కప్పారు. ఫొటో సరిగ్గా రాలేదంటే తీసి మళ్ళీ కప్పారు. శౌరయ్య మైకు ముందు నిలబడి, కోదండరామయ్యగారు నేర్పిన వాక్యం అప్పజెప్పాడు.

"నాకు ఎవరి మీదా కోపం లేదు."

చప్పట్లు మోగిపోయాయి. అవి ఆగేదాకా ఆగి అన్నాడు:

"దోవ కావాలి. అంతే."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "విన్నారా! దోవ కావాలంటున్నాడు! దేశమంతా అడుగుతున్నది అదే! ఏదీ దోవ? అహింసే దోవ!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. శౌరయ్య మేనల్లుడి వంక చూశాడు. యేసుదాసు గబగబా వచ్చి అర్జీ మంత్రిగారి చేతిలో పెట్టాడు. మంత్రిగారు రెండు లైన్లు చదివి, పక్కనున్న ఆదిశేషయ్యగారి వైపు ఒరిగారు. ఆదిశేషయ్యగారు ఆయన చెవిలో ఏదో చెప్పారు. మంత్రిగారి మొహం వెలిగిపోయింది.

"మాస్టారూ, మీ పని అయిపోయింది. ఇక ఆ దోవ గొడవ ఉండదు."

యేసుదాసుకి గుండెల మీంచి బండ దించినట్టయింది. కోదండరామయ్యగారు ఒక కాగితం అందించారు. "చదవండి మాస్టారూ. మీ గొంతులోనే వినిపించాలి."

యేసుదాసు హుషారుగా అందుకున్నాడు. "శ్రీ ఆదిశేషయ్యగారు అహింసా స్తూపం నిమిత్తం ఆరు సెంట్ల భూమిని ఉదారంగా దానం చేస్తున్నారు! శ్రీ శౌరయ్యగారి ఎడమచేతి మీదుగా శంకుస్థాపన జరుగును. స్తూపం చుట్టూ ఎత్తైన ప్రహరీ కట్టబడును. లోపలికి ఎవరికీ ప్రవేశం ఉండదు. హద్దులు. తూర్పు, దాతగారి మామిడితోట. పడమర, దాతగారి మినపచేను. ఉత్తరం, పేట. దక్షిణం..."

గొంతు అక్కడ ఆగింది. మైకు గుయ్‌మంది.

"దక్షిణం, సమాధుల దొడ్డి."

జనం చప్పట్లు కొట్టారు. శౌరయ్య మాత్రం శాలువాలో అలాగే నిలబడి ఉన్నాడు. ఆ ఆరు సెంట్లూ తమ దోవేనని అర్థమైందనడానికి అతని దవడ ఒక్కటే కదిలింది.

"వందన సమర్పణ చెప్పేసి ముగించండి మాస్టారూ, కూరలు చల్లారిపోతాయి," అన్నారు కోదండరామయ్యగారు.

యేసుదాసు మైకు వదల్లేదు. కాగితం నాలుగు మడతలు పెట్టాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. పిల్లలు గుర్తొచ్చారు. అయినా గొంతు ఎప్పట్లాగే ఖంగుమంది.

"ఇప్పుడు సభ యావత్తూ లేచి నిలబడి, రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను."

మంత్రిగారు చటుక్కున లేచి టోపీ తీశారు. ఎన్ని సభలు చూసిన మనిషి! ఆదిశేషయ్యగారు వక్క నమలడం ఆపి చేతులు కట్టుకున్నారు. కార్యకర్తలు లేచారు, జనం లేచారు, సోడాలమ్మేవాడు కూడా లేచాడు.

నిమిషం గడిచింది. మంత్రిగారు పెదవులు కదపకుండా అడిగారు.

"పోయిందెవరయ్యా?"

"కనుక్కుంటానండి," అన్నారు కోదండరామయ్యగారు అంతే రహస్యంగా.

"పెద్దవారేనా?"

"తమరు లేచారంటే పెద్దవారే అయ్యుంటారండి."

మంత్రిగారు తల ఇంకాస్త కిందికి వంచారు.