ఉత్తుత్తి ఆఫీసు

చదువుకూ ఉద్యోగానికీ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చి పారేస్తున్నట్టు మంత్రిగారు మైకులో ప్రకటించారు. "అనుభవం లేదని మా పిల్లల్ని తిప్పి పంపుతారా? అనుభవమే ఇచ్చి పంపుతాం!" అన్నారు. అలా ఉత్తుత్తి ఆఫీసు వెలిసింది. అందులో పని ఉండదు, అనుభవం మాత్రం ఉంటుంది. ఇంతటి ఆలోచన మామూలు బుర్రలకు తడుతుందా?

చదువు ముగిసి ఏడాదైనా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న బుల్లికి అక్కడ సీటొచ్చింది. ఊరందరి బట్టలూ కుట్టి కుట్టి చూపు మందగించిన తల్లి, "ఉత్తుత్తిదైతేనేం, అసలుదానికి ఇదే మెట్టట. నీకు ఉద్యోగమొస్తే నా కళ్ళకు సెలవిస్తానే," అంది. బుల్లి మర్నాడే వెళ్ళి చేరింది.

ఆఫీసు దివ్యంగా ఉంది. కాగితాలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి వెళ్ళి, అలిసిపోయి తిరిగొచ్చేవి. సూపర్‌వైజరుగారు ఉత్తుత్తిగా కేకలేసి, నిజంగా టీ తాగేవారు.

ఒకరోజు ఓ ముసలాయన దారి తప్పి లోపలికొచ్చాడు. "మా వీధి కుళాయి ఎండిపోయింది తల్లీ."

"ఇది ఉత్తుత్తి ఆఫీసు తాతా."

"అన్నీ అంతేగా. నువ్వైనా రాసుకో."

బుల్లి రాసుకుంది. రాసుకుని ఊరుకోక, ఫిట్టర్‌ని వెంటబెట్టుకెళ్ళి వాల్వు తిప్పించింది. సాయంత్రానికల్లా నీళ్ళొచ్చేశాయి!

తెల్లారేసరికి జనం వీధి చివరిదాకా క్యూ కట్టారు. ఎదురుగా అసలు ఆఫీసులో ఈగలు తోలుకుంటున్నవాళ్ళు కూడా లేచి కిటికీలోంచి చూశారు.

సూపర్‌వైజరుగారు లబోదిబోమన్నారు. "కొంప ముంచావు కదమ్మా! ఇక్కడ పని చేయొచ్చా?"

"చేస్తున్నట్టు నటించానండీ. పొరపాటున అయిపోయింది."

మంత్రిగారు స్వయంగా వచ్చి ఆఫీసుకు తాళం వేయించారు. మనసున్న మారాజు కాబట్టి, బుల్లికి అసలు ఆఫీసులో ఇంటర్వ్యూ ఇప్పించారు.

"అనుభవం?" అన్నాడు అక్కడి పెద్దాఫీసరు.

"ఉందండీ. కుళాయి బాగు చేయించాను."

ఆయన కళ్ళజోడు తీసి జాలిగా చూశాడు. "పని చేసే అలవాటు పడిందన్నమాట. భయపడకమ్మా, చిన్న వయసే, నయమవుతుంది. ఆ అలవాటు పోవడానికి శిక్షణ ఉంది. అదయ్యాక ఉద్యోగం నీదే."

"ఎన్నాళ్ళండీ?"

"పోయేదాకా."

"ఎక్కడండీ?"

"మీ ఇంట్లోనే."

మర్నాడు పేపర్లో మంత్రిగారి ప్రకటన పెద్దక్షరాల్లో వచ్చింది. మన యువతలో ముప్పావు వంతు ఇప్పటికే ప్రభుత్వ శిక్షణలో ఉందట. బుల్లి తల్లికి చదివి వినిపించింది.

"అందులో నువ్వూ ఉన్నావుటే?"

"ఉన్నానమ్మా."

"హమ్మయ్య," అంది తల్లి.